ఒక్క చిల్లు కూడా వదల్లేదు

2003 జూన్ 9, సోమవారం, ఉదయం పదీ ఇరవై. ఎదురుగా గోడ గడియారం ఉంది కాబట్టి సమయం నాకు కచ్చితంగా తెలుసు. సరిగ్గా అప్పుడే మా ఆసుపత్రి సెక్రటరీ గారు నా బల్ల మీదికి సుత్తి ఎత్తారు.

"అదిరిపడకండి మేడమ్," అని ముందే చెప్పి, అరచేయంత రేకు ముక్కను నా ముందు పెట్టి ఠంగుమని ఒకటి వేశారు. రేకు మీద నల్లగా, మందంగా, మొసలి చర్మంలా గరుగ్గా ఏదో పూసి ఉంది. ఇంకొకటి వేశారు. ఇంకొకటి. సంతకం పెట్టడానికి వచ్చిన నర్సులు గుమ్మంలోనే ఆగిపోయారు.

"గీత పడిందా? చెప్పండి, పడిందా?"

"రేకు మీద పడలేదండీ. బల్ల మీద పడింది."

ఆయన నా మాట విన్లేదు. ఆయన ఎవరి మాటా విన్న గుర్తు నాకు లేదు. అయినా చెడ్డమనిషి కాదు. గుంటూరులో మిర్చి వ్యాపారం, రెండు లారీలు, నాలుగు ట్రాక్టర్లు. ఆసుపత్రికి ఏటా చందా ఇచ్చేవాళ్ళలో ముందు వరసవాడు. ఇస్తున్నాను కాబట్టి అన్నీ తెలుసు అనుకోవడం ఒక్కటే ఆయన జబ్బు.

మాది చీరాల దగ్గర దాతల డబ్బుతో నడిచే చిన్న కంటి ఆసుపత్రి. నేను అక్కడ ఆఫీసు సూపరింటెండెంటును. ఆఫీసు, స్టోర్సు, వాహనం నా కింద ఉండేవి. వాహనం అంటే మూడు వరసల సీట్లున్న ఒకే ఒక కారు. ప్రతి గురువారం అది పర్చూరు దాటి రేగడి నేలల ఊళ్ళకు వెళ్ళి, శుక్లాలు ముదిరినవాళ్ళను ఎక్కించుకుని వచ్చేది. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ ఇంటి దగ్గర దింపేది. ఆ ఊళ్ళ నుంచి మా దగ్గరికి రావాలంటే రెండు బస్సులు మారాలి. సగం చూపు ఉన్న ముసలివాళ్ళు రెండు బస్సులు మారి రారు. కారు వస్తే వస్తారు, లేకపోతే కళ్ళు మూసుకుని ఇంట్లో కూర్చుంటారు. ఇది నేను ఊహించి చెప్పేది కాదు, ఏళ్ళ తరబడి చూసింది.

అంతకుముందున్న కారు ఆరేళ్ళకే పోయింది. సముద్రం గాలి, రేగడి బురద కలిసి దాని అడుగును తినేశాయి. చివరి రోజుల్లో కాళ్ళ కింద రోడ్డు కనిపించేది. ఆ మార్చిలో కొత్త కారు కొన్నప్పుడు ట్రస్టు వాళ్ళు నన్ను పిలిచి మరీ చెప్పారు: "ఇదే ఆఖరు. ఇది కూడా పోయిందంటే క్యాంపులు బందు. రాగలిగినవాళ్ళు బస్సెక్కి వస్తారు." నేను తలూపి వచ్చాను. ఆ రోజు నుంచి నాకు ఒకటే పట్టింపు. ఈ కారు పదేళ్ళు బతకాలి.

కాబట్టి సుత్తి దెబ్బలు నన్ను కూడా ఆశపెట్టాయి.

"ఏంటండీ ఇది?"

"ట్రక్కు కోటింగు. మద్రాసు సరుకు. రెండు డబ్బాలు కలిపి గన్నుతో కొడతారు. కొట్టిన అరగంటకి రాయి. పిడుగురాళ్ళ నుంచి సున్నం తోలే నా లారీ తొట్టికి వేయించా. రెండేళ్ళయింది, ఇంత పెచ్చు లేవలేదు. ట్రాక్టరు ట్రక్కులు నాలుగింటికీ వేయించా. మన కారుకి అడుగునంతా కొట్టిస్తే ఇక తుప్పు దాని జోలికి రాదు."

చదివే పిల్లల కోసం చెబుతున్నాను. మా వైపు ట్రక్కు అంటే ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి. అందులో వడ్లు పోస్తారు, పత్తి గింజలు పోస్తారు, ఎరువు పోస్తారు. ఈ మాట దగ్గరే మా కొంప మునిగింది. అది తర్వాత చెబుతాను.

ఆ వారంలోనే కారు గుంటూరు వెళ్ళింది. నేనూ వెళ్ళాను. వెళ్ళకుండా ఉండే స్వభావం నాకు లేదు. ఊరి చివర లారీ బాడీలు కట్టే షెడ్డు. అక్కడ కోటింగు కొట్టే మేస్త్రీ నలభై దాటిన మనిషి, మోచేతుల దాకా నల్ల మచ్చలు, ఎవరినైనా కళ్ళు చికిలించి చూస్తాడు. నాకు కుర్చీ వేయించి, "మీరు ఇంటికెళ్ళి రేపు రండమ్మగారూ, ఈ వాసనకి తలనొప్పి వస్తది," అన్నాడు.

"రానీ. ముందు అడుగంతా కడిగించు. తడి ఆరాకే మొదలుపెట్టు. బురద మీద పూస్తే ఒప్పుకోను."

"నాకు చెబుతున్నారా!" అని నవ్వి, పక్కనున్నవాడితో, "ఒరేయ్, టీచరమ్మ వచ్చిందిరా, ఒళ్ళు దగ్గరపెట్టుకోండి," అన్నాడు.

కడిగాడు. ఆరబెట్టాడు. గుడ్డతో తుడిచి గుడ్డ నాకు చూపించాడు. ఆ మనిషి పనిలో ఇప్పటికీ నేను వంక పెట్టలేను. అదే నా బాధ. బద్ధకస్తుడు చెడగొడితే తిట్టి ఊరుకోవచ్చు. ఇతను శ్రద్ధగా, ఒళ్ళు వంచి, ప్రేమగా చెడగొట్టాడు.

మర్నాడు సాయంత్రం కారును పైకెత్తి చూపించాడు. కింద ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే నలుపు. సెక్రటరీ గారు పంచె ఎగ్గట్టి కిందికి దూరి తట్టి చూశారు. మేస్త్రీ ఛాతీ విరుచుకుని, "అంతా జల్లెడలాగా ఉందండీ అడుగు. తలుపుల కిందా, గొట్టాలకీ, ఎక్కడ చూసినా చిల్లులే. అన్నీ లప్పం పెట్టి మూసి అప్పుడు కొట్టా. ఒక్క చిల్లు కూడా వదల్లేదు. వడ్లు పోసినా గింజ జారదు," అన్నాడు.

"కారులో వడ్లెందుకు పోస్తామయ్యా?" అన్నాను.

షెడ్డంతా నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వాడు. "చిల్లంటే చిల్లే కదమ్మగారూ," అన్నాడు. మేమంతా సంతోషంగా టీ తాగాం. సరైన ప్రశ్న అడిగి, దానికి జవాబు రాకపోయినా అందరితో కలిసి నవ్వి టీ తాగడం ఉద్యోగంలో ఎన్నిసార్లు జరుగుతుందో మీకూ తెలిసే ఉంటుంది.

కోటింగుకు పదకొండు వేల నాలుగు వందలు అయింది. సెక్రటరీ గారే ఇచ్చారు. అందువల్ల ఆ కోటింగు ఆయన సొంతం అయింది.

ఆసుపత్రికి ఎవరు వచ్చినా ఆయన ముందు కారు దగ్గరికి తీసుకెళ్ళి వంచేవారు. కలెక్టరాఫీసు నుంచి వచ్చిన ఒకాయనకు నడుం పట్టేసింది. దాతలు ఆపరేషన్ థియేటరు చూడకుండా కారు అడుగు చూసి వెళ్ళిన రోజులున్నాయి.

కారును నడిపేది, కడిగేది మా డ్రైవరు. చీరాల సాయిబు. చేతి పని మంచిది, నోటి ధాటి అంతకన్నా మంచిది. ప్రతి గురువారం క్యాంపు నుంచి రాగానే రేగడి మట్టి పోయేదాకా పైపు పెట్టి కడిగేవాడు. మా బోరు నీళ్ళు ఉప్పు. వేరే నీళ్ళు లేవు. కోటింగు వేయించిన నెలకు నా దగ్గరికి వచ్చి మెచ్చుకోలుగా చెప్పాడు.

"వింత చూశారా మేడమ్! ఇదివరకు కడిగితే గంటసేపు కింద చుక్కలు పడుతుండేవి. ఇప్పుడు ఒక్క చుక్క పడదు. పైన తుడిస్తే చాలు, కింద నేల పొడి."

"నీళ్ళేమైనట్టు?"

"అంటుకోవు మేడమ్. అదే కోటింగు గొప్ప."

అది వినగానే నాకు నచ్చలేదు. నీళ్ళు పోసింది నిజం, పడనిది నిజం. మధ్యలో లెక్క తేలాలి కదా. కానీ కారు గురించి నాకు తెలిసింది డీజిలు ఖర్చు వరకే.

రెండో ఏడు వానాకాలానికి కారు గలగలమనడం మొదలుపెట్టింది. బ్రేకు వేసినప్పుడల్లా నీళ్ళ బిందె చంకన పెట్టుకుని ఎవరో నడుస్తున్నట్టు చప్పుడు. డ్రైవరును అడిగాను. "డీజిలు ట్యాంకు మేడమ్, సగం ఖాళీగా ఉంటే అంతే." ట్యాంకు నిండా పోయించాను. గలగల. పర్చూరులో మెకానిక్కును అడిగాను. అతను కిందికి వంగి, "కొత్త పెళ్ళికూతురులా ఉందండీ, దీనికేం రోగం?" అన్నాడు. సెక్రటరీ గారిని అడిగాను. "వెనక కూర్చున్న పేషెంట్ల మంచినీళ్ళ సీసాలు మేడమ్," అన్నారు. పేషెంట్లు లేకుండా, సీసాలు లేకుండా తలుపులన్నీ మూసి కారును ఆవరణలో ముందుకూ వెనక్కూ నడిపించాను. గలగల. ఎడమ తలుపుకు చెవి పెట్టి విన్నాను. ఆ దృశ్యం చూసి చిన్న డాక్టరు స్టెతస్కోపు పంపించనా అని అడిగాడు.

అప్పుడు మళ్ళీ మెకానిక్కును పిలిపించాను. ఈసారి అతను తలుపుల కింద పొడుగునా ఉండే పెట్టె గొట్టాన్ని వేలితో తట్టి, ముఖం అదోలా పెట్టి, "ఇక్కడ డ్రిల్లుతో చిన్న బెజ్జం వేసి చూస్తే తెలుస్తదండీ," అన్నాడు. డ్రిల్లు తెచ్చుకున్నాడు కూడా. కారు పక్కన గొంతుక్కూర్చుని ఉండగా సెక్రటరీ గారు గేటులోకి వచ్చారు.

"ఏంటిది?"

"లోపల నీళ్ళున్నట్టున్నాయండీ," అన్నాను. "బెజ్జం వేయిస్తున్నాం."

"కోటింగుకా? మేడమ్, మీకేమైనా... అంత ఖర్చుపెట్టి బెజ్జాలు లేకుండా చేయించింది మళ్ళీ బెజ్జాలు పెట్టడానికా? ఒరేయ్, లేవరా! ఎవడు చెప్పాడురా నీకు?"

"మేడమ్ గారండీ."

"మేడమ్ గారు కళ్ళద్దాల సంగతి చూసుకుంటారు. నువ్వు డ్రిల్లు సర్దు."

"నీళ్ళు చప్పుడవుతున్నాయండీ. మీరే ఎక్కి వినండి," అన్నాను. ఆయన ఎక్కలేదు. "నీళ్ళు లోపలికి ఎలా వస్తాయి? ఒక్క చిల్లు లేదు కదా!" అన్నారు. ఆ వాదానికి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇప్పుడుంది. తలుపు అద్దం పక్క సందులోంచి, రబ్బరు అంచుల్లోంచి, తడి కాళ్ళ మీంచి నీళ్ళు ఎలాగూ లోపలికి వస్తాయి. వస్తాయని కారు చేసినవాళ్ళకు తెలుసు. అందుకే బయటికి పోవడానికి కింద చిల్లులు పెట్టారు. కానీ దీన్ని నాకు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ ఆ రోజు ఆవరణలో లేరు. మెకానిక్కు డ్రిల్లు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక ఆ ముసలామె సంగతి చెప్పాలి. పర్చూరు అవతల ఊరు. మిరపకాయల కోతకు పోయే కూలీ మనిషి. 2005లో కుడి కన్ను ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పిన రోజు నా చీర అంచు పట్టుకుని చూసి, "ఇది ఎరుపా! నేను నలుపనుకున్నానే అమ్మాయ్," అంది. నాకప్పటికే యాభై దాటాయి. ఆమెకు నేను అమ్మాయినే.

ఎడమ కన్నుకూ శుక్లం ముదిరింది, ఎక్కువ ఆలస్యం చేయవద్దని డాక్టరు చెప్పారు. కానీ మా ప్రాంతంలో దానికో పద్ధతి ఉంది. ఎండాకాలంలో కంటికి కత్తి పెట్టించుకోరు. కోతలు మొదలయ్యాక మిరప ఘాటులో ఆపరేషన్ కన్ను నిలవదు. కలుపులు అయిపోయి కోతలు రాకముందు ఉండే ఆ రెండు మూడు నెలలే ఆమె కంటికి ఖాళీ. అందుకని 2006 సెప్టెంబరు 21, గురువారం అని రోజు పెట్టాం.

ఆ రోజు నేను కూడా క్యాంపుకు వెళ్ళాను. మధ్యాహ్నం సన్నగా జల్లు. ఐదుగురిని ఎక్కించుకున్నాం. ముసలామె ఉతికిన చీర కట్టుకుని, మధ్య సీటులో కిటికీ పక్కన కూర్చుంది. గలగల విని, "ఇందులో బావి తవ్వించావా నాయనా?" అని డ్రైవరును అడిగింది.

"అవును మామ్మా. దాహమేస్తే చెప్పు, చేద వేస్తా."

"ఒక కన్ను వచ్చాక పండుకాయ కనపడతంది. పచ్చికాయ కోశానని ముఠా పెద్ద తిట్టడం తగ్గించాడు. రెండోది కూడా రానీ, వాడి నోరు మూయిస్తా," అని మిగతావాళ్ళకు చెబుతూ ఉంది.

ఊరు దాటి మైలు కూడా పోలేదు. కాలువ తూము దగ్గర చిన్న గుంట. పెద్ద గుంట కాదు, ప్రతి వారం దిగి ఎక్కేదే. కారు దిగింది, ఎక్కలేదు. ఎడమ వెనక భాగం ఫెళ్ళుమని కిందికి కూర్చుంది. అందరం ఒకరి మీద ఒకరు ఒరిగాం. దెబ్బలు తగల్లేదు. ఆ తర్వాత వినిపించిన చప్పుడు నేను చచ్చినా మరిచిపోను. కారు కింద నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. జల్లు కాదు. ధారగా, బుడబుడమంటూ.

దిగి చూశాం. తుప్పు కలిసి ఎర్రటి నీళ్ళు, మురుగు వాసన. డ్రైవరు బురదలోనే మోకాళ్ళ మీద కూర్చుని కిందికి తొంగి చూశాడు. వెనక చక్రాల మీద బరువు మోసే కమాను కట్టను పట్టుకునే ఇనుము ఊడివచ్చింది. నల్ల పూత రబ్బరు షీటులా వేలాడుతోంది. దాని వెనక ఇనుము లేదు. పొట్టు ఉంది. వేలితో నొక్కితే రాలిపోయే ఎర్రటి పొట్టు. మూడేళ్ళ మూడు నెలలుగా ప్రతి గురువారం పోసిన ఉప్పునీళ్ళు ఎక్కడికీ పోలేదు. లోపలే ఉండి, లోపల నుంచి తిని, పైన మొసలి చర్మాన్ని మాత్రం మాకు వదిలిపెట్టాయి.

"మేడమ్," అన్నాడు డ్రైవరు. ఆ పొట్టును గుప్పెట్లోకి తీసుకుని నాకు చూపించాడు.

గంట తర్వాత అటుగా ట్రాక్టరు వస్తే ఆపాం. ఐదుగురినీ ట్రక్కులో కూర్చోబెట్టి ఇళ్ళకు పంపడం తప్ప దారి లేదు. ఆ ట్రక్కు తొట్టిలో కూడా అదే నల్ల కోటింగు. ఎక్కడా పెచ్చు లేవలేదు. చీమ దూరే సందు లేదు. వాన నీళ్ళు చీలమండల లోతు నిలిచి ఉంటే ట్రాక్టరు అతను వెనక తలుపు దించాడు, నీళ్ళన్నీ ఒక్కసారి జారిపోయాయి. ట్రక్కుకు చిల్లు ఎందుకు అక్కర్లేదో, కారుకు ఎందుకు కావాలో నాకు అప్పుడు, ఆ బురదలో నిలబడి అర్థమైంది.

ముసలామెను చేతులు పట్టి ఎక్కించాం. కొంగు నెత్తిన కప్పుకుని, "వచ్చే గురువారం వస్తారుగా అమ్మాయ్?" అంది.

"వస్తాం మామ్మా," అన్నాడు డ్రైవరు. నేను ట్రక్కు వెనక తలుపు గొళ్ళెం వేశాను.

మర్నాడు నేను గుంటూరు షెడ్డుకు వెళ్ళాను. దారి పొడుగునా అనవలసిన మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. మేస్త్రీ అంతా విని, చేతిలో గన్ను కింద పెట్టి, నిజంగా తెలియక అడిగాడు.

"చిల్లు పనిగట్టుకుని పెడతారాండీ కంపెనీవాళ్ళు? బోల్టులు బిగించడం మరిచిపోయి ఉంటారనుకున్నా."

"అన్నింటికీ మరిచిపోతారా?"

"నేను ఇరవై ఏళ్ళ నుంచి చిల్లులు మూస్తున్నానమ్మగారూ. చిల్లు వదిలేశానని తిట్టినవాళ్ళున్నారు. మూశానని తిట్టింది మీరొక్కరే."

మజ్జిగ ఇచ్చాడు. తాగి వచ్చాను.

సెక్రటరీ గారు కారును లాగించుకొచ్చాక చూశారు. చాలాసేపు వంగి చూశారు. ఈసారైనా వింటారని నేను పక్కన నిలబడ్డాను. ఆయన లేచి, చేతులు దులుపుకుని, "ఒక్కటి గమనించారా మేడమ్? ఇంత జరిగినా కోటింగు మాత్రం చెక్కు చెదరలేదు," అన్నారు.

పాత ఇనుము కొనేవాడు వచ్చినప్పుడు కూడా అది చెదరలేదు. గ్యాసుతో కోయబోతే నల్ల పొగ కమ్మి, వాడు దగ్గుతూ పక్కకు వెళ్ళి, దీన్ని పూసినవాడెవడో నా ముందుకు రమ్మనండి అని తిట్టాడు. నాకు ఆ రోజు ఆ ఒక్క మనిషి మీద అభిమానం కలిగింది.

ట్రస్టు మీటింగు పావుగంటలో అయిపోయింది. ముందే చెప్పాం కదా అన్నారు. నిజమే, చెప్పారు. అద్దె కారు అడిగాను, వీలుపడదన్నారు. క్యాంపుల బోర్డు తీసేసి, రోగులు నేరుగా ఆసుపత్రికి రావచ్చని కొత్త బోర్డు పెట్టించారు. అక్షరాలు బాగున్నాయి. ఆ ఊళ్ళలో వాటిని చదవగల కళ్ళు ఉంటే మాకు పనేముంది?

నేను ఆ ముసలామెకు ఇద్దరితో కబురు పంపాను, బస్సెక్కి రమ్మని, బస్టాండుకు మనిషిని పంపిస్తానని. కారు వచ్చాక వస్తాలే అందట. జనవరి వచ్చింది, కోతలు మొదలయ్యాయి. కోతలు అయ్యాక ఏప్రిల్లో, తలనొప్పి భరించలేక ఎవరినో తోడు తీసుకుని ఆసుపత్రికి వచ్చింది. శుక్లం ముదిరి, కంట్లో ఒత్తిడి పెరిగి, లోపలి నరం చచ్చిపోయింది. డాక్టరు లైటు వేసి చూసి, నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపారు. ఆమె కుడి కన్నుతో అది చూసింది.

"కారు ఇంకా బాగవలేదా అమ్మాయ్?" అని అడిగింది. లేదని చెప్పాను.

కోటింగు మంచిదా కాదా అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళున్నారు. మంచిదే. వేయించుకోండి. వేయించేటప్పుడు కింద ఉన్న చిల్లులకు ముందు టేపు అంటించమని చెప్పండి, ఆరాక ఒక్కొక్కటీ తీయించి, నీళ్ళు పోసి, కింద చుక్క పడేదాకా అక్కడి నుంచి కదలకండి. మీ పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.

పోయినవి ఇవి.

కారు ఒకటి.

గురువారం క్యాంపు, దానితో పద్నాలుగు ఊళ్ళు.

డ్రైవరు ఉద్యోగం.

కన్ను ఒకటి. ఎడమది.